పరమశూన్యపు అంచున అయస్కాంతము
చల్లబరచినకొద్దీ వస్తువులోని అలజడి అణగును. సున్నకు దిగువ 273 డిగ్రీల చెంత, పరమశూన్యమున, అంతయు సద్దుమణగవలెనని పాత భౌతికశాస్త్రము తలచినది. ఆ చలికి త్రోవ చూపినది అయస్కాంతమే. 1926లో డిబై, జియోక్ వేర్వేరుగా చెప్పిన ఉపాయము వినుటకు సులభమే: ముందే చల్లబరచిన లవణమును అయస్కాంతక్షేత్రమున నుంచి, పుట్టిన వేడిని తీసివేసి, పిమ్మట బయటి వేడి సోకకుండ క్షేత్రమును తొలగింపవలెను. బారులు తీరిన సూక్ష్మాయస్కాంతములు చెదరుచు లవణపు వేడినే హరించును. 1933లో బర్క్లీయందు జియోక్, మెక్‌డూగల్ గడోలినియం సల్ఫేటును ఇట్లే పరమశూన్యమునకు పావు డిగ్రీ దూరమునకు దింపిరి.

అచటను శాంతి లేదు! లిథియం హోల్మియం ఫ్లోరైడు స్ఫటికములో సూక్ష్మాయస్కాంతములు 1.53 కెల్విన్‌కు, అనగా పరమశూన్యముపై ఒకటిన్నర డిగ్రీకి, దిగువ ఒకే దిశకు తిరిగి నిలుచును. 1996లో బిట్కో, రోజెన్‌బామ్, ఎప్లీ ప్రకటించిన ప్రయోగమున, అడ్డముగా సుమారు 5 టెస్లాల క్షేత్రము తగులగనే ఆ బారు చెదరినది. చెదరగొట్టినది వేడి కాదు, పరమశూన్యమునను ఆగని క్వాంటమ్ చలనము. ఆ హద్దునకే క్వాంటమ్ సందిగ్ధబిందువని పేరు.