నాలుగు ధ్వనులు

రెండు భాషల్లో ఒకే మోత వినబడితే చాలు, చుట్టరికం కలిపే పండితులు మన దేశంలో కొల్లలు. వారిని చూసి నవ్వే ముందు అభ్యుదయవాదులం మన ఇల్లు కూడా చూసుకోవాలని నా అభిప్రాయం. నికొలాయ్ మార్ మనవాడే గదా!

జార్జియాలో 1864లో పుట్టిన మార్ ఆర్మీనియను, జార్జియను గ్రంథాల్లో నిజమైన పండితుడు. దాన్ని నేను కాదనను. కాని 1920ల్లో ఆయన ప్రపంచ భాషల మాటలన్నీ సాల్, బెర్, యోన్, రోష్ అనే నాలుగు ధ్వనుల నుంచి పుట్టాయన్నాడు. భాష వర్గస్వభావం గల ఉపరితల నిర్మాణమనీ అన్నాడు. యీ రెండో మాట మొదటిదానికి కవచమైంది. ప్రశ్నించినవాడు బూర్జువా అయిపోయాడు.

నాలుగు ధ్వనులతో ఏ మాటనైనా దేనితోనైనా ముడివేయవచ్చు. తప్పని తేల్చే దారే లేదు. మన చెవి, చెరువు, చీము కన్నడంలో కివి, కెరె, కీవు. ఇక్కడ పోలిక కన్నా తేడాయే ముఖ్యం: చకారానికి కకారం వరుసగా వస్తున్నది. వరుస తప్పితే చుట్టరికం వదులుకోవాలి. 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్ తెలుగు సంస్కృత జన్యం కాదని చూపినది ధాతువులను ఇలా పక్కపక్కన పేర్చే.

యెవ్‌గేనీ పొలివానోవ్, తానూ కమ్యూనిస్టే, 1929లో మాస్కో కమ్యూనిస్టు అకాడమీలో మార్‌ను ఎదిరించాడు. ఒంటరివాడై మధ్య ఆసియాకు పోవలసి వచ్చింది. 1938 జనవరిలో కాల్చి చంపారు. మోపిన నేరం జపాను గూఢచర్యం, భాషాశాస్త్రం కాదు.

1950 జూన్ 20న ప్రావ్దాలో స్టాలిన్ వ్యాసం రాగానే మార్ సిద్ధాంతం కూలింది. సాక్ష్యం మాత్రం 1929 నాటికే ఉన్నది. పొలివానోవ్‌ను నిర్దోషిగా ప్రకటించినది 1963లో.