పాత ల్యాప్‌టాప్ కొంటున్నారా? ముందు లినక్స్‌తో చూడండి

గోపాలపూర్ నుంచి బరంపురం వెళ్లి పాత ల్యాప్‌టాప్ కొనేవారు పైన అంటించిన స్టిక్కర్‌ను నమ్మి డబ్బు ఇవ్వకండి. ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్లండి. బూట్ మెనూలో దాన్ని ఎంచుకుని 'ట్రై ఉబుంటు' నొక్కితే, లోపలి డిస్కులో ఏమీ మారకుండానే సిస్టమ్ నడుస్తుంది.

టెర్మినల్ తెరిచి ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, కలిపి, ఎల్-ఎస్-సి-పి-యు కొడితే ప్రాసెసర్ అసలు పేరు వస్తుంది. 'ఫ్రీ' అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, అడ్డగీత, హెచ్ చేరిస్తే ర్యామ్ తెలుస్తుంది. 8 జీబీ అన్నచోట ఏడున్నర చూపితే మోసం కాదు, కొంత గ్రాఫిక్స్‌కు పోతుంది. 4 లోపు చూపితే బేరం ఆపండి. ఎల్-ఎస్-బి-ఎల్-కె డిస్కు సైజు చెబుతుంది. ఆ జాబితాలో మీ పెన్‌డ్రైవ్ కూడా ఉంటుంది, లెక్కలో వేసుకోకండి.

మన సముద్రపు గాలికి పట్టే తుప్పును మాత్రం ఏ కమాండూ చూపదు. యూఎస్‌బీ పోర్టులన్నిటిలో మౌస్ పెట్టి చూడండి.