ఆట ముగిసిన పిదప



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము వినుటకు కొంత వింతగా తోచవచ్చును. కాలిబంతి యాటయందు ప్రసిద్ధిగాంచినవారు ఆట చాలించి యింటికి చేరిన పిదప, తమ్ము వెదకికొనుచు వచ్చిన అభిమానులయెడ ఎట్లు మెలగుదురు? వచ్చినవారు వారియెడ ఎట్లు మెలగవలయును? ఈ రెండు ప్రశ్నలనే నేను విచారింపదలచితిని.

మన కార్వేటినగరమునకు పేరు కాలిబంతివలన వచ్చినది కాదు. స్కందపుష్కరిణివలనను, వేణుగోపాలస్వామి కోవెలవలనను, ఆ స్వామిపై పదములు కట్టిన సారంగపాణివలనను వచ్చినది. అయినను ఈ విచారమునకు మొదలు మన యూరనే దొరకును. సంస్థానము పోయెను, ఆస్థానము పోయెను. సారంగపాణి పదములు మాత్రము నిలిచినవి. కవి గతించినను పదము తాటాకుపై నిలుచును. శిల్పి గతించినను విగ్రహము రాతియందు నిలుచును. ఆటగానికి అట్టి నిలువ లేదు. అతడు బంతిని తన్నిన ఆ యొక్క క్షణమే అతని కావ్యము. అది గడచినంతనే, చూచినవాని మనస్సునందు తప్ప మరియొక చోట దానికి ఉనికి లేదు. నేడు దూరదర్శనము కలదు, చేతిలో ఇముడు చిత్రయంత్రములు కలవు. కాని నేను చెప్పబోవు తరమువారి యాటలో అధికభాగమునకు చిత్రము లేదు. కావున ఆ ఆటగాని సొత్తు ప్రేక్షకునివద్ద దాచుకొమ్మని యిచ్చిన సొమ్మువంటిది. అభిమాని వచ్చి ఆటగానిని కలిసికొనుట యనగా, ఆ సొమ్మును ఒకసారి సొంతదారునకు చూపుటయే. ఈ మాట మనసున నుంచుకొని తక్కిన కథ వినుడు.

తెలుగునేలపై కాలిబంతికి పట్టుకొమ్మ హైదరాబాదు నగరము. అచ్చటి కీర్తికి మూలపురుషుడు సయ్యదు అబ్దుల్ రహీము. ఈయన 1909లో జన్మించెను, వృత్తిచే బడిపంతులు. బడిపిల్లలకు పాఠము చెప్పిన ఆ నేర్పుతోడనే ఆటగాండ్రకు ఆట నేర్పెను. హైదరాబాదు నగర పోలీసు జట్టు ఈయన శిక్షణలో 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును జరిగిన ఆసియా క్రీడలలో భారతజట్టు ఈయన శిక్షణలోనే స్వర్ణపతకములు గడించెను. నడుమ 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సునందు ఆస్ట్రేలియాను 4–2 గోలులతో ఓడించి, నాలుగవ స్థానమున నిలిచెను. జకార్తాలో కడపటి ఆట నాడు సుమారు లక్షమంది ప్రేక్షకులు మనవారికి ఎదురుగా అరచుచుండగా, దక్షిణ కొరియాపై మనవారు 2–1 గోలులతో నెగ్గిరి. అప్పటికే రహీముగారి దేహమును పుట్టకురుపు, అనగా కాన్సరు వ్యాధి, తినివేయుచుండెను. 1963 జూన్ 11వ తేదీన ఆయన మరణించెను. అనగా స్వర్ణపతకము తెచ్చిన పిదప, జనులు వచ్చి దర్శించుకొనుటకు ఆయన ఒక్క సంవత్సరమైనను మిగులలేదు. ఆయన పేరు దేశమున చాలమందికి మొదటిసారి తెలిసినది 2024లో వెలువడిన ఒక హిందీ చలనచిత్రమువలన. అరువది యేండ్లు ఆలస్యమైన దర్శనమది.

ఆ శిష్యులలో ముఖ్యుడు తులసీదాసు బలరాము. 1936లో సికిందరాబాదు చెంత అమ్ముగూడలో ఒక పేద తమిళకుటుంబమున జన్మించెను. ఎల్లప్రాంతమున రెండు భాషల నడుమ బ్రదుకు మనవంటివారికి అట్టి కుటుంబము కొత్త కాదు. మెల్బోర్న్ నందును, 1960లో రోము నందును ఒలింపిక్సు ఆడెను. రోములో బలిష్ఠమైన హంగరీ జట్టుపై గోలు చేసెను. జకార్తా స్వర్ణమునందు భాగస్థుడయ్యెను. 1962లో అర్జున పురస్కారమందెను. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ జట్టునకు నాయకుడై 1961లో లీగు గెలిపించెను. ఆ నగరమున ఆయన వీథిలో నడచిన జనము వెంట నడచుచుండెడివారు. అట్టివానికి ముప్పదియేండ్లు నిండకమునుపే, 1963లో, శ్వాసకోశవ్యాధి తగిలి ఆట మానవలసివచ్చెను.

ఆ కాలపు ఆటగాండ్రకు ఆటవలన ఆస్తి సమకూరలేదని మీరు గుర్తింపవలయును. పోలీసుశాఖయందో, రైల్వేయందో ఒక చిన్నకొలువే వారి జీవనాధారము. ఆట యున్నంతకాలము కొలువు పేరునకు మాత్రము. ఆట పోయిన నాడు కొలువొక్కటియే మిగులును. బలరాముగారు అవివాహితులు. హుగ్లీనది యొడ్డున ఉత్తరపాడ యను ఊరిలో ఒక చిన్న వాటాలో శేషజీవితము గడపిరి. చూడవచ్చిన పత్రికారచయితలతో తన మనస్తాపమును దాపరికము లేక చెప్పుకొనుచుండెడివారు. తాను సేవించిన క్లబ్బు పెద్దలు తన్ను గౌరవింపలేదని ఆయన అభిప్రాయము. ఆ నొచ్చుకొనుట తుదివరకు తీరలేదు. 2023 ఫిబ్రవరి 16వ తేదీన, తన 86వ యేట, ఆయన కలకత్తాలో మరణించెను.

ఇట్టివానిని చూచి వచ్చి, “అబ్బో, ముసలాయన చాల కటువు” అని చెప్పుట సులభము. కాని విచారింపుడు. వేయిమంది జయజయధ్వానములు చేసిన చెవులకు నలువదియేండ్ల నిశ్శబ్దము ఎంత పెద్ద శబ్దమో! ఆ నిశ్శబ్దమును చేసినది ఎవరు? గాలరీలో కూర్చుండి అరచిన అభిమానియా, బల్లయెదుట కూర్చున్న అధికారియా? నేను తెలిసికొన్నంతవరకు బలరాముగారి కోపము రెండవవారిపైననే. కాని యింటికి వచ్చు అభిమాని ఆ కోపపు సెగను కొంత తాను కూడ సహింపవలసియుండెను. సహించుట న్యాయము కూడ. ఎందుకనగా అధికారి మరచిన నాళ్లలో మనమును జ్ఞప్తి చేయలేదు కదా!

ఇక రెండవ పురుషుడు మహమ్మదు హబీబు. 1949లో హైదరాబాదునందే పుట్టెను. 1970లో బాంకాకు ఆసియా క్రీడలలో కాంస్యపతకము తెచ్చిన జట్టులో ఆడెను. ఆ జట్టునకు నాయకుడు సయ్యదు నయీముద్దీను, ఆయనయు హైదరాబాదువాడే. హబీబు కలకత్తాలోని మూడు పెద్దజట్లకును ఆడెను. కొలువు చేయక ఆటనే వృత్తిగా పట్టుకొని బ్రదికిన తొలి భారతీయులలో ఆయన నొకనిగా ఎన్నుదురు. కలకత్తావారు ఆయనను “బడే మియా” యని పిలుచుకొనిరి. మన వాడుకలో పెద్దాయన యన్నట్లు.

1977 సెప్టెంబరు 24వ తేదీన కలకత్తా ఈడెన్ గార్డెన్సు మైదానమున ఒక ఆట జరిగెను. లోకమంతయు మ్రొక్కు బ్రెజిలు ఆటగాడు పేలే, అమెరికాకు చెందిన కాస్మాస్ జట్టుతో వచ్చి మోహన్ బగాన్ జట్టుతో ఆడెను. ఆట 2–2 గోలులతో సమముగా ముగిసెను. మోహన్ బగాను చేసిన రెండుగోలులలో ఒకటి హబీబుది. పేలే అటుపిమ్మట వారము దినములకే, అక్టోబరు 1న, అమెరికాలో వీడుకోలు ఆట ఆడి విరమించెను. కావున ఆనాడు కలకత్తా చూచినది అస్తమించుచున్న సూర్యుని. ఆ బురదమైదానమున తడిసిన జనము ఆ దినమును తమ మనుమలకు కథగా చెప్పుకొనుచున్నారు.

హబీబుగారి వార్ధక్యము వేరొక విధముగా గడచెను. మరపువ్యాధియు, వణుకువ్యాధియు ఆయనను పట్టుకొనినవి. ఇచ్చట నా మొదటిమాట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పేలే యెదుట గోలు చేసినవానికే ఆ గోలు జ్ఞప్తియందు నిలుచునో నిలువదో తెలియని స్థితి వచ్చెను. కాని గాలరీలో కూర్చున్న గుమాస్తాకు, బడిపిల్లవానికి అది మరపురాదు. సొంతదారునివద్ద లేని సొత్తు దాచుకొన్నవానివద్ద భద్రముగా నుండెను. 2023 ఆగస్టు 15వ తేదీన, స్వాతంత్ర్యదినమున, హబీబుగారు హైదరాబాదునందు కాలధర్మము చెందిరి. బలరాముగారు పోయిన ఆరునెలలకే ఈయనయు పోయెను.

ఇట్టి వృద్ధుని యెదుటికి పోయి, “అయ్యా, నన్ను గుర్తుపట్టితిరా?” అని యడుగుట అభిమానులకు సామాన్యమైన అలవాటు. అది తగదు. నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నున్నవాడను. సంతలో ఎదురైన పాతశిష్యుడు ఈ ప్రశ్న వేసినపుడు ఉపాధ్యాయుని మనసు ఎంత తొట్రుపడునో నాకు తెలియును. శిష్యునకు గురువొక్కడు, గురువునకు శిష్యులు వేలు. అట్లే ప్రేక్షకునకు ఆ గోలు ఒక్కటి. ఆటగానికి ప్రేక్షకులు లక్షలు. కావున తెలిసినవాడే ముందుగా చెప్పవలయును: “అయ్యా, నేను ఫలానా వాడను, ఫలానా సంవత్సరమున మీ ఆట చూచితిని” అని. పరీక్షించుటకు కాదు, అప్పగించుటకు పోవలయును.

ఇపుడు ప్రసిద్ధుల వైపు నుండి చూతము. వీరి నడవడిలో భేదము స్వభావమువలన కొంత, సందర్భమువలన అధికముగ కలుగుచున్నదని నా నిశ్చయము. అర్జెంటీనా దేశపు మారడోనా 2008 డిసెంబరులో కలకత్తాకు వచ్చినపుడు, అర్ధరాత్రి వేళ వేలమంది వీథులలో నిలిచి ఎదురుచూచిరి. అంతటి సమూహమునకు ఒక్క మనుష్యుడు ఏమి బదులీయగలడు? చేయి యూపగలడు, నవ్వగలడు, పేరుపేరున పలుకరింపజాలడు. గుంపులో కలిసినపుడు ప్రసిద్ధుడు ఉత్సవవిగ్రహము. ఇంట కలిసినపుడు మనుష్యుడు.

ఉత్సవవిగ్రహమును వెల పెట్టి చూడబోయిననాడు ఏమగునో ఇటీవలనే చూచితిమి. ఇంకను ఆడుచున్న మెస్సీ యను అర్జెంటీనా వీరుడు 2025 డిసెంబరు 13వ తేదీన కలకత్తా సాల్ట్ లేక్ మైదానమునకు వచ్చెను. వేలకొలది రూపాయలు పోసి చీట్లు కొన్నవారికి, పెద్దమనుష్యులును ఛాయాచిత్రకారులును చుట్టుముట్టియుండుటచే, ఆయన కనబడనే లేదు. కొలదిసేపటికే ఆయన వెడలిపోగా, జనులు ఆగ్రహించి కుర్చీలు, సీసాలు విసరి మైదానముపై బడిరి. ఆ సాయంకాలమే హైదరాబాదు ఉప్పల్ మైదానమున జరిగిన సభ మాత్రము ప్రశాంతముగ ముగిసెను. తప్పు ఆటగానిదా? కాదు. అభిమానిదా? చాలవరకు కాదు. దర్శనమును అంగడిసరుకు చేసినచోట, సరుకు అందనివాడు కలహించును.

నన్ను కలతపెట్టిన సంగతి వేరొకటి. ఉప్పల్ మైదానమునకు ఆనాడు వేలమంది పోయిరి. అదే నగరమున హబీబుగారు జబ్బుపడి యుండగా ఆయన వాకిట చీటి కొనవలసిన పని లేదు; తలుపు తట్టిన చాలును. పరదేశపు వీరుని చూడగోరుట తప్పు కాదు. విద్యకు దేశభేదము లేదు. కాని మన వీథిలోని వీరుని దాటిపోయి చూడబోవుట తప్పు.

కావున నా తలపున తేలినది ఇది. పూర్వపు ఆటగాడు కటువుగా నున్నను మృదువుగా నున్నను, ఆ ఒక్కక్షణముచే అతనిని తూచరాదు. అతడు మనకు ఈయవలసినది మైదానమున ఎన్నడో యిచ్చివేసెను. మిగిలిన అప్పు మనదే. దానిని తీర్చుటకు పోవువాడు పిలువని వేళ పోరాదు. అనుమతి లేక చిత్రము తీయరాదు. సంతకము కొరకు మాత్రమే పోరాదు. తాను చూచినదానిని ఒకటి రెండు మాటలలో చెప్పి, ఆయన పలికిన వినవలయును, పలుకకున్న నమస్కరించి రావలయును.

ఇది కాలిబంతికే కాదు. మన చిత్తూరుసీమలో ద్రౌపదీదేవి, ధర్మరాజుల గుడులవద్ద భారతోత్సవములు జరుగుట మీరెరుగుదురు. అర్జునవేషము కట్టి ఆకాశమంటు తపస్సుమాను ఎక్కినవానిని చూచి మనము చేతులు జోడించితిమి. దుర్యోధనుడై నేల యదరునట్లు తొడగొట్టినవానిని చూచి పిల్లలు జడిసిరి. వారిలో ముసలివారైనవారు నేడు ఏ అరుగుపైననో కూర్చుండి, మోకాళ్లు పట్టుకొనుచున్నారు. వారి ఆటకును చిత్రము లేదు. వారి సొత్తు కూడ మనవద్దనే కలదు. అమ్ముగూడ, కలకత్తా మనకు దూరములు. ఆ అరుగు దూరము కాదు. ఈ వారములోనే ఒకనాటి సాయంకాలము, మనుమని చేయి పట్టుకొని అట్టివాని యొద్దకు పోయి, “అయ్యా, ఆ యేటి మీ అర్జునుని నేను చూచితిని” అని చెప్పిరండు. వినువాడు ఉండగనే చెప్పవలసిన మాట యది.