రెండే రెండు ప్రశ్నలు

"పెళ్ళి కుదిరిందా అమ్మాయ్?" అని అడగని మనిషి మన వీధుల్లో ఉండడు. అయితే ఒక దేశపు నౌకాదళం పనిగట్టుకుని కాలేజీ పిల్లల్ని ఆ మాట అడిగించిందంటే నమ్ముతారా?

1941 నవంబరు. అమెరికాలో వెల్స్‌లీ అనే ఆడపిల్లల కాలేజీ. ఆఖరి సంవత్సరం చదువుతున్న కొందరు అమ్మాయిలకు గుట్టుగా ఉత్తరాలు అందాయి. ఖగోళశాస్త్రం చెప్పే హెలెన్ డాడ్సన్ గారిని ఒక్కొక్కరే వెళ్ళి కలవాలి. ఆవిడ అడిగినవి రెండే ప్రశ్నలు. గళ్ళ నుడికట్టు పూర్తి చేయడం ఇష్టమేనా? పెళ్ళి కుదిరిందా? మొదటిదానికి అవుననీ, రెండోదానికి లేదనీ చెప్పాలి. రెండోదానికి కొందరు అబద్ధం చెప్పారట. వాళ్ళని తప్పు పట్టబుద్ధి కాదు నాకు.

అలా ఎంపికైన వాళ్ళకి చెప్పిన చదువు శత్రువుల రహస్య లిపిని ఛేదించడం! స్మిత్, బ్రిన్ మార్, గౌచర్ లాంటి మరికొన్ని మహిళా కళాశాలల్లోనూ ఇదే వ్యవహారం. గౌచర్‌లో పాఠం చెప్పిన ఓలా విన్‌స్లో గారు ఇంగ్లీషు ప్రొఫెసరు. ఆ ఏడాదే జీవిత చరిత్ర రాసి పులిట్జర్ బహుమతి అందుకున్నావిడ. తలుపు తాళం వేసుకుని క్లాసు. లెక్కలు కట్టిన కాగితాలు వాషింగ్టన్‌కి వెళ్ళేవి.

ఇదేదో బ్రహ్మవిద్య అనుకోకండి. చిన్నప్పుడు మనం 'క భాష' మాట్లాడుకోలేదూ? 'రేపు రా' అనడానికి 'కరే కపు కరా' అని. అమ్మకి అర్థం కాదనుకునేవాళ్ళం. అమ్మ రెండు నిమిషాల్లో పట్టేసేది. 'క' మరీ ఎక్కువసార్లు వస్తోందని చెవికి తెలిసిపోదూ? ఆ పిల్లలు ఎక్కిన మొదటి మెట్టూ అదే. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే అక్షరం 'ఇ'. రహస్య లేఖలో ఏ గుర్తు ఎక్కువసార్లు కనబడుతోందో లెక్కపెడితే ఒక కొస దొరుకుతుంది. ఆపైన చిక్కు విప్పుకుంటూ పోవడమే. జడ చిక్కు తీసే చేతులకి ఆ ఓర్పు కొత్తా?

అంతకుముందే జెనవీవ్ గ్రోత్యాన్ అనే అమ్మాయి దారి చూపించింది. లెక్కల్లో డిగ్రీ ఉన్నా, లెక్కల టీచరు ఉద్యోగం దొరకక ప్రభుత్వ కొలువులో చేరింది. జపాను దౌత్యవేత్తలు యంత్రంతో పంపే సందేశాల్లో ఎవరికీ కనబడని ఒక పోలికను 1940 సెప్టెంబరు 20న ఆవిడే పట్టుకుంది. ఆఫీసంతా గంతులేసి, కొకాకోలా తెప్పించుకుని తాగారట! బెర్లిన్‌లోని జపాను రాయబారి తన ప్రభుత్వానికి రాసుకున్న సంగతులన్నీ యుద్ధకాలంలో అమెరికా వాళ్ళు చదవగలిగింది ఆ చలవ వల్లే.

కాలేజీ పిల్లలు 1942లో పట్టాలు పుచ్చుకుని వాషింగ్టన్ చేరారు. ఈ సంగతి బయట పొక్కితే దేశద్రోహమే, ఆడవాళ్ళని కూడా చూడకుండా కాల్చేస్తాం అన్నారు పైవాళ్ళు. మరి ఎవరైనా అడిగితే? చెత్తబుట్టలు ఖాళీ చేస్తాం, పెన్సిళ్ళు చెక్కుతాం అని చెప్పేవారు. అందరూ ఇట్టే నమ్మేవారు! ఆడవాళ్ళు ఆఫీసులో ఇంకేం వెలగబెడతారు గనక? ప్రపంచంలో ఇంత తేలిగ్గా చెల్లిన మారువేషం ఇంకోటి ఉండదేమో.

1943 ఏప్రిల్లో జపాను సరఫరా ఓడల లిపి విడిపోయింది. ఏ ఓడ ఎప్పుడు ఏ రేవుకి వెళ్తోందో ఈ బల్లల దగ్గరే తెలిసేది. తర్వాత ఆ ఓడలు మునిగేవి. వీళ్ళ అన్నదమ్ములు ఎందరో అదే సముద్రం మీద యుద్ధంలో ఉన్నారు. ఓడ మునిగిందని వింటే సంతోషించాలో, అందులో ఉన్నవాళ్ళకీ అక్కచెల్లెళ్ళు ఉంటారని ఏడవాలో! ఆ మాట చెప్పుకోడానికి అమ్మ దగ్గరకైనా వెళ్ళే వీల్లేదు.

పదివేల మందికి పైగా ఆడవాళ్ళు ఈ పనిలో ఉన్నారు. 1945లో యుద్ధం ముగియగానే చాలామంది ఇళ్ళకి వెళ్ళిపోయారు. పెళ్ళిళ్ళు, పిల్లలు, వంటలు. భర్త యుద్ధం కబుర్లు చెబుతుంటే పక్కన కూచుని విన్నారు. లైజా మండీ 'కోడ్ గర్ల్స్' పుస్తకం రాసి 2017లో అచ్చువేసే నాటికి మిగిలింది కొద్దిమందే. తొంభై దాటిన ఆ ముసలమ్మల్లో కొందరు, ఇప్పుడైనా నోరు విప్పచ్చో లేదో అని తటపటాయించారట.