127 పండ్ల గేరు

ఆ కట్టె కొంచెం లోపలికి జరుపు బిడ్డా, పొగ తగ్గుతది. లేతు పని ఎట్ల నేర్చినవు తాతా అని ఎప్పటిసంది అడుగుతున్నవు, ఇగ విను.

1964ల మా నాయిన నన్ను కవాడిగూడల ఒక ఉస్తాదు చేతుల పెట్టిండు. ప్రాగా టూల్స్ ఆ పక్కపొంటే ఉండె. 1943ల పెట్టిన కంపెనీ అది. మా ఉస్తాదు అండ్ల టర్నరు పని జేసి, బయటికొచ్చి, ఇంటి ముంగట రేకులు దింపి సొంత లేతు పెట్టుకున్నడు. నాలుగున్నర ఫీట్ల లేతు, కోన్ పుల్లీ మీద తోలు బెల్టు, ఒక హార్స్‌పవర్ మోటరు, గంతే. గుమ్మానికి, లేతుకు నడుమ సుద్దతోటి ఒక గీత గీసి ఉండె. ఉస్తాదు భార్య చాచీ చాయ్ తెచ్చినా ఆ గీత కాడనే ఆగి పిలిచేది. తిరిగే లేతు దగ్గరికి కొంగు రావద్దని ఉస్తాదు మాట. నా మెడల తువ్వాలు గూడ మొదటి రోజే తీపిచ్చి మేకుకు తలిగేసిండు. ఇంకో మేకు, కడ్డీని పట్టుకునే చక్ చావికి. చక్ బిగిచ్చినంక చావి దాంట్లనే మరిచి మోటరు వేస్తె, అది ఇసిరి ఎవరికి తగులుతదో తెల్వదు. నువ్వు గూడ నీ లేతు వెనక గోడకు ఒక మేకు కొట్టుకో.

చాన దినాలు లేతు ముట్టనియ్యలే, సాన కాడనే నిలవెట్టిండు. టూలు అంచు కింద కొంచెం లోపలికి తగ్గి ఉండాలె, లేకుంటె అది ఇనుమును కొయ్యది, ఊకె రుద్దుతది. ఇనుముకు అంచు మీద జర వాలు కావాలె, ఇత్తడికి వాలు వద్దు, చదునుగ ఉండాలె. ఇత్తడికి వాలు పెడితె టూలే లోపలికి గుంజుకపోతది. నేను సాన పట్టిన టూలు ఉస్తాదు వెలుగుకు పట్టి చూసి, ఏమనకుంట మళ్ల నా చేతులనే పెట్టేటోడు. నచ్చినప్పుడు గూడ ఏమనకపోయేది, తీసుకపోయి లేతుకు బిగిచ్చేటోడు. గదే మెచ్చుకోలు.

ఆ తర్వాత ఫేసింగు, అంటె కడ్డీ మొఖం చదును చేసుడు. టూలు మొన కడ్డీ నడుమ చుక్క ఎత్తుకు సరింగ ఉన్నదా లేదా, మొఖమే చెప్తది. కొసకు నడుమల చిన్న బొడిపె మిగిలిందంటె టూలు పైకన్న ఉన్నది, కిందికన్న ఉన్నది. కింద పల్చటి రేకు ముక్కలు పెట్టి సరి చేసుకోవాలె. ఇవాళ మీరు వీడియోల చూస్తె ఆ బొడిపె కాడ కెమెరా ఆగదు. అసలు చూడాల్సింది దాన్నే.

చెవికి గూడ పని నేర్పిండు. కోత సక్కగ ఉంటె ఒక్క తీరుగ సప్పుడొస్తది, ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగ జారుతది. టూలు బయటికి ఎక్కువ పొడుచుకొచ్చినా, కడ్డీ సన్నగ పొడుగ్గ ఉన్నా వణుకుడు మొదలైతది, పని మీద సన్న అలలు పడ్తయి. గది కంటికి కనవడక ముందే చెవికి తెలుస్తది. ఉస్తాదు అటు మొఖం తిప్పి చాయ్ తాగుకుంటనే "బెల్టు మార్చు" అనేటోడు.

ఇగ చూడీలు కోసుడు, అదే మరలు. నాకు అన్నిటికన్న పానం గుంజిన పని అది. మామూలు టర్నింగుల టూలు జర మెల్లగ పోయినా ఉరికినా పని ఐతది. చూడీకి గట్ల నడవది. కడ్డీ ఒక్క చుట్టు తిరిగేటప్పటికి టూలు లెక్క ప్రకారం గింతే జరగాలె, మళ్ల వచ్చినప్పుడు మొదటి సాలులనే పడాలె. నాగలి పక్క సాలుల పడితె చేను ఆగమైనట్టు, ఒక్క వెంట్రుక పక్కకు పడ్డా చూడీ పోయినట్టే.

ఆ లెక్క కాపాడేటియి గేర్లు. లేతు పొడుగునా టూలును జరిపే లీడు స్క్రూ ఉంటది గదా, మా దానికి ఇంచీకి 4 చుట్లు. అర ఇంచీ విట్‌వర్త్ బోల్టుకు ఇంచీకి 12. 4 బటా 12, అంటె మూడోవంతు. స్పిండిలు దిక్కు 20 పండ్ల గేరు, లీడు స్క్రూ మీద 60 పండ్లది. నడుమ ఏ గేరు పెట్టినా లెక్క మారది, రెండిటిని కలుపుడే దాని పని. భిన్నాలు నాకు బడిల ఒంట పట్టలే, ఆ షెడ్డు తలుపు మీద సుద్దతోటి రాసుకుంటె పట్టినయి.

మొదటి కోత గీత పడ్డట్టు గింతే. ఆపి స్కేలు పెట్టి ఇంచీల 12 గీతలు ఉన్నయా అని లెక్కవెట్టాలె. ఉంటెనే ముందుకు. లోతు మొత్తం 53 తౌలు, ఇంచీల వెయ్యోవంతు ఒక తౌ. మొదట నాలుగైదు తౌలు తీసుకుంట పోయి, కొసకు ఒక్కొక్కటే. బ్రష్షుతోటి ఆయిలు అద్దుకుంట పోవాలె, లేకుంటె చూడీ పక్కలు చిరిగినట్టైతయి.

గప్పుడు దేశం కొలతలే మారుతున్నయి. 1956ల చట్టం జేసిండ్రు, 1957ల నయా పైసలొచ్చినయి, ఆ వెంట కిలోలు, లీటర్లు, మీటర్లు. దుకాణపోడు తూకం రాళ్లు మార్చుకుంటడు, ఐపాయె. లేతు లీడు స్క్రూను ఎవడు మారుస్తడు? కొత్త మిషన్లకు మిల్లీమీటర్ల బోల్టులు రావట్టె, మా లేతేమో ఇంచీలది.

ఒకనాడు ఉస్తాదు రాణిగంజ్ పోయి, గోనెసంచిల చుట్టి జానెడు అడ్డం ఉన్న గేరు తెచ్చిండు. పండ్లు లెక్కపెట్టుమన్నడు. 127. గీ అడ్డదిడ్డం అంకె ఎందుకు ఉస్తాద్ అంటె, తలుపు మీద రాసి చూపిచ్చిండు. ఇంచీకి 25.4 మిల్లీమీటర్లు. పాయింటు నాలుగు పన్ను ఉన్న గేరు ఉండది. ఐదుతోటి గుణిస్తె 127, అప్పుడే అంకె పూర్తిగ తెగుతది. 127ను ఇంకే అంకెతోటి భాగించరాదు, కాబట్టి దాన్ని తగ్గిచ్చి చిన్న గేరు చేసుకునుడు గూడ లేదు. 2 మిల్లీమీటర్ల చూడీకి 40 బటా 127. 1.75కు 35. 1.5కు 30. ఆ చిన్న గేర్లన్నీ మా పెట్టెల ముందే ఉండె. ఒక్క గేరు వచ్చి మా లేతుకు రెండు కొలతలు నేర్పింది. ఆ రోజు నాకు నిద్ర రాలే బిడ్డా, ఎవరో ఎన్నడో కూసొని ఇంత ఆలోచన జేసిండ్రు గదా అని.

ఐతె 127 పెట్టినప్పుడు ఒక కట్టుబాటు ఉన్నది. ఇంచీకి 12 చూడీలు కోసేటప్పుడు లీడు స్క్రూను పట్టుకునే హాఫ్ నట్టు ఎక్కడ మూసినా టూలు పాత సాలులనే పడ్తది, ఎందుకంటె 12ను 4 భాగిస్తది. మిల్లీమీటర్లప్పుడు పని అయ్యేదాక హాఫ్ నట్టు తెరవద్దు. టూలు బయటికి గుంజి, మోటరు ఉల్టా తిప్పి వెనకకు రావాలె. ఉల్టా తిప్పే ముందు పూర ఆపాలె. మా చక్ స్పిండిలుకు మరతోటే బిగిచ్చి ఉండె, ఒక్కసారి ఉల్టా గుంజితె చక్ ఊడి మీదికొస్తది.

ఘట్‌కేసర్ దిక్కు నుంచి ఒక రైతు పంపు షాఫ్టు సైకిలుకు కట్టుకొని వచ్చిండు. బాయి మీద ఆయిలింజను, పొట్టకొచ్చిన వరి, నీళ్లు ఆగినయి. అర ఇంచీ చూడీ మీద ఎవరో 12 మిల్లీమీటర్ల నట్టును పానా పెట్టి బలిమికి ఎక్కిచ్చిండ్రు. చూడనీకి రెండు ఒక్క తీరే. అర ఇంచీ అంటె 12.7, చూడీకి చూడీకి 2.1 దూరం. ఆ నట్టుకు 1.75. షాఫ్టు చూడీలన్నీ నలిగిపోయినయి. పైగ అది ఎడమ చూడీ, పంపు తిరిగినకొద్ది నట్టు బిగుసుకోవాలని. నీ సైకిలు ఎడమ పెడలు గూడ గట్లనే ఉంటది, ఇప్పి చూడు.

నలిగిన చూడీల అడుగు దాక తీస్తె 10 మిల్లీమీటర్లు మిగిలింది. ఇగ 1.5 చూడీ, 30 బటా 127. ఎడమది కాబట్టి లీడు స్క్రూను ఉల్టా తిప్పిచ్చి, టూలు చక్ దిక్కు గాడి కాడ మొదలై బయటికి నడవాలె. అది నేను కోసిన. నట్టు ఉస్తాదు చేసిండు. ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల బొక్కల సన్నటి టూలు పెట్టి లోపల ఎడమ చూడీ. లోపల ఏమైతుందో కంటికి కనవడది, చెవి ఒక్కటే దిక్కు. నట్టు తెచ్చి షాఫ్టుకు పెట్టి రెండు వేళ్లతోటి తిప్పిండు. అదరలే, ఆగలే, గాడి దాక పోయింది. రైతు చీకటి పడకముందే బయలెల్లిండు.

ఇగ నీ లేతు ముచ్చట. నీ కష్టం మా దానికి ఉల్టా, నీ లీడు స్క్రూ 1.5 మిల్లీమీటర్లది, నువ్వు కోయాల్సింది నాయనమ్మ ఫ్యానుకు పావించీ విట్‌వర్త్ స్క్రూ. ఇంచీకి 20, అంటె 1.27. 1.27 బటా 1.5, సాపుగ జెప్తె 127 బటా 150. నీ డబ్బాల 127 లేదు, చూసిన. 55, 65 ఉన్నయి. స్పిండిలు దిక్కు 55, లీడు స్క్రూ మీద 65 పెట్టు. 1.269 వస్తది, చూడీకి మిల్లీమీటరుల వెయ్యోవంతు గూడ తేడా ఉండది, స్క్రూకు మస్తు సరిపోతది. ఈ గేర్లతోటి ఫీటు పొడుగు లీడు స్క్రూ మాత్రం కొయ్యకు, తేడా కూడుకుంట పోయి 0.18 మిల్లీమీటర్లు ఐతది. హాఫ్ నట్టు తెరవకు. నీ కాడ ఉన్న టూలు 60 డిగ్రీలది, విట్‌వర్త్‌కు 55 కావాలె. రేపు పొద్దుగాల సాన మిషను కాడ నేను గూడ నిలవడ్త.