సర్పగంధి వేరు నుండి రెండవ మాత్ర దాకా

'రక్తపోటు' అన్న మాటలోనే ఒక చిక్కు ఉన్నది. తెలుగులో పోటు అనగానే తలపోటు, పంటిపోటు వంటి నొప్పులు స్ఫురిస్తాయి. సముద్రపు ఆటుపోట్లలోని పోటు వేరు, అది ఉప్పొంగడం. రక్తపోటు ఈ రెండవ కోవకు చెందినది. నొప్పి లేదు గనుక జబ్బు లేదనుకొని మాత్ర మానివేసేవారు మా తుమ్మలపల్లె వంటి ఊళ్లలో నేటికీ ఉన్నారు. డాక్టరు రెండవ మాత్ర చేర్చగానే జబ్బు ముదిరిందని బెంగపడేవారూ ఉన్నారు. ఈ రెండు అపోహలకూ చరిత్రలో సమాధానం దొరుకుతుంది.

అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై మరణించాడు. ఆయన రక్తపోటు ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చినా, అంతటి దేశాధినేతకు సైతం ఇవ్వదగిన సరైన మందు నాడు లేదు.

మందు మన నేలలోనే ఉన్నది. సర్పగంధి వేరును మన వైద్యులు ఉన్మాదానికి, పాముకాటుకు వాడేవారు. అది రక్తపోటునూ తగ్గిస్తుందని 1931లో కలకత్తాకు చెందిన గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగులపై పరీక్షించిన ఫలితాలను బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటించగా, లోకం దృష్టి ఇటు మళ్లింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ వేరు నుండి రిసర్పిన్ అనే సారాన్ని వేరుచేశారు.

అసలైన పరీక్ష అమెరికాలో, మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగింది. దానికి సారథి ఎడ్వర్డ్ ఫ్రైస్. ఆయన బృందం ఒక్క మందును నమ్ముకోలేదు. హైడ్రోక్లోరోథయజైడ్, రిసర్పిన్, హైడ్రలజిన్ అనే మూడింటిని కలిపి ఇచ్చింది. తీవ్రమైన రక్తపోటు ఉన్నవారి ఫలితాలు 1967లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్రలు తిన్న 70 మందిలో 27 మందికి పెద్ద ప్రమాదాలు సంభవించగా, మందు తిన్న 73 మందిలో ఇద్దరికే సంభవించాయి. 1970 నాటి ఫలితాలు మరింత ముఖ్యమైనవి. అవి కింది అంకె 90 నుండి 114 దాకా ఉన్నవారివి, అనగా జబ్బు ఒక మోస్తరుగా ఉన్నవారివి. అయిదేళ్లలో ప్రమాదం కలిగే అవకాశం 55 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. నొప్పి తెలియని జబ్బుకూ మందు ప్రాణం నిలుపుతుందని అలా రుజువైనది.

కలపడం ఎందుకు? చెరువు నిండి కట్ట మీదికి వస్తే ఒక్క తూము తెరిచి ఊరకుండం. థయజైడ్ ఉప్పునూ నీటినీ మూత్రంలో వెళ్లగొడుతుంది. హైడ్రలజిన్ రక్తనాళాలను విప్పారజేస్తుంది. అప్పుడు శరీరం ఎదురుతిరిగి గుండె వేగాన్ని పెంచుతుంది, ఉప్పును పట్టి ఉంచుతుంది. ఆ వేగానికి రిసర్పిన్, ఆ ఉప్పుకు థయజైడ్ పగ్గం వేస్తాయి. దాదాపు ఇదే కూర్పు మన దేశంలో అడెల్ఫేన్-ఎసిడ్రెక్స్ అనే ఒకే మాత్రగా చాలాకాలం వాడుకలో ఉన్నది.

మనసును కుంగదీయడం వంటి దోషాల వల్ల రిసర్పిన్ వెనుకబడింది. నేడు ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ వంటివి ముందుకు వచ్చాయి. సూత్రం మాత్రం మారలేదు. ఒకే మందు మోతాదును రెట్టింపు చేయడం కన్నా, వేరొక తరగతి మందును చేర్చితే సుమారు అయిదు రెట్లు అదనపు ఫలం ఉంటుందని 2009లో అనేక పరీక్షలను క్రోడీకరించి తేల్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇట్టి జంట మాత్రలను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

ఇది పట్నపు జబ్బు కాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామాలలో మరణాలను పరిశీలించగా, మూడింట ఒక వంతుకు గుండె, రక్తనాళాల వ్యాధులే కారణమని తేలింది. కనుక రెండవ మాత్ర జబ్బు ముదిరిందనడానికి గుర్తు కాదు. ఏ మందు ఎంత అన్నది డాక్టరు చెప్పవలసినది. మానకుండా వేసుకోవడం మన వంతు.