ప్రాంతీయ శీతోష్ణస్థితి నమూనా

ప్రాంతీయ శీతోష్ణస్థితి నమూనా అనగా భూమిపై ఒక పరిమిత ప్రాంతపు శీతోష్ణస్థితిని సూక్ష్మంగా లెక్కగట్టే కంప్యూటర్ నమూనా. పర్వతాలపై కురిసే మంచును, ఋతుపవన వర్షాల తీరును అధ్యయనం చేయుటకు దీనిని ఉపయోగిస్తారు.

పనిచేయు విధానం

ప్రపంచ నమూనాలు భూగోళాన్ని సాధారణంగా 100 కి.మీ. లేదా అంతకు మించిన వెడల్పు గల గడులుగా విభజిస్తాయి. ప్రాంతీయ నమూనాలో ఈ గడులు 50 కి.మీ. లేదా అంతకంటే చిన్నవిగా ఉంటాయి. ఇది ప్రాంతపు సరిహద్దుల వద్ద గాలి, ఉష్ణోగ్రత, తేమల విలువలను ప్రపంచ నమూనా నుండి స్వీకరించి, లోపలి మార్పులను భౌతిక సూత్రాల ద్వారా లెక్కిస్తుంది.

చరిత్ర

1980ల చివరలో అమెరికాలో రాబర్ట్ డికిన్సన్, ఫిలిప్పో జోర్జి తదితరులు ఆ దేశపు పశ్చిమ పర్వత ప్రాంతాలకు ఈ పద్ధతిని అన్వయించారు. వివిధ దేశాల నమూనాలను పోల్చి చూచుటకు 2009లో కార్డెక్స్ అనే అంతర్జాతీయ కార్యక్రమం ఏర్పడింది. దక్షిణాసియా విభాగంలో పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ ప్రధాన పాత్ర వహించింది.

పర్వత హిమపాతం

గాలిలో ఎత్తు పెరిగే కొద్దీ ఉష్ణోగ్రత కిలోమీటరుకు సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున తగ్గుతుంది. పెద్ద గడిలో శిఖరాలు, లోయలు కలిసి ఒకే సగటు ఎత్తుగా మారతాయి. అందువలన శిఖరంపై మంచుగా పడవలసినది లెక్కలో వర్షంగా మారవచ్చు. హిమాలయాలలో కొలత కేంద్రాలు ఎక్కువగా లోయలలోనే ఉండుట వలన ఫలితాలను సరిచూచుట కూడా కష్టం.

తెలంగాణలో ప్రాముఖ్యత

తెలంగాణలో హిమపాతం లేకపోయినా గడి పరిమాణపు సమస్య ఉంది. 50 కి.మీ. గడి వైశాల్యం 2,500 చదరపు కి.మీ. జనగామ జిల్లా వైశాల్యం 2,187.50 చ.కి.మీ. మాత్రమే. మహబూబాబాద్ జిల్లా (2,876.70 చ.కి.మీ.) ఒక గడి కంటే కొంచెమే పెద్దది. అనగా ఒక జిల్లా మొత్తానికి దాదాపు ఒకే వర్షపాత విలువ లభిస్తుంది.

2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటలలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మి.మీ. వర్షం కురిసింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామం నీట మునగగా ప్రజలు ఇళ్ళ పైకప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఇటువంటి వర్షం 50 కి.మీ. సగటులో చాలా తక్కువగా కనిపిస్తుంది. కాని వాగుపై వంతెన, చెరువుకు అలుగు కట్టుటకు కావలసినది ఆ చిన్న పరీవాహక ప్రాంతపు గరిష్ఠ వర్షపాతమే.

పరిమితులు

సుమారు 4 కి.మీ. కంటే చిన్న గడులు గల నమూనాలు ఉరుముల మేఘాలను నేరుగా లెక్కించగలవు. అయితే వీటికి శక్తివంతమైన సూపర్ కంప్యూటర్లు అవసరం. ప్రపంచ నమూనా నుండి వచ్చిన దోషాలను ప్రాంతీయ నమూనా పూర్తిగా సరిదిద్దలేదు. కావున ఒకే నమూనాపై ఆధారపడక పలు నమూనాల ఫలితాలను, స్థానిక వర్షమాపకాల కొలతలను కలిపి పరిశీలిస్తారు.